అమూల్య గ్రంథసంపద

(దేవరాపల్లిలో జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను విద్యాభివృద్ధినిగూర్చి మాటలాడుమని కోరిరి. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఆ విషయముపై గంటలకొలది మాటలాడగలను గాని యది వినువారికి క్షేమము కాదు. కావున విషయమును కుదించితిని. వెల చెల్లింపకయే చదువుకొనదగిన గ్రంథములును, వినదగిన పాఠములును, పొందదగిన వినోదమును నేడెక్కడెక్కడ గలవో, వానిని మన దేవరాపల్లివంటి యూరివారెట్లు పొందవచ్చునో చెప్పుట నా యుద్దేశము. అమూల్యమను శబ్దమును వెల కట్టరానిదను నర్థమున వాడుచున్నాము. అసలు వెలయే లేనిదనియు దానికి అర్థము చెప్పవచ్చును. ఈ రెండర్థములు నొకేచోట కుదురుట అరుదు. నేను చెప్పబోవు సంపదయందు కుదిరినవి.

ముందుగా నా తప్పొకటి సభవారియెదుట చెప్పుకొనవలసియున్నది. 2021వ సంవత్సరమున, కరోనా కారణమున బడులు మూతపడిన దినములలో, మన సంఘమునకు జెందిన రైతొకడు నా యింటికి వచ్చెను. వరియు చెరకును పండించుకొనువాడు, ఉన్నది రెండెకరములు. ఆయన కుమార్తె ఇంటర్మీడియెటులో గణితము తీసికొనినది. ఒక సంస్థవారు ఫోనులో పాఠములు చెప్పుదురనియు, రెండేండ్లకు నలువదివేల రూపాయలు కట్టవలయుననియు, కట్టనిచో పిల్ల వెనుకబడునని వారి మనిషి చెప్పెననియు చెప్పి, "ఏటి చెయ్యమంటారు మాస్టారూ?" అని యడిగెను. నేను క్షణమైనను విచారింపక, "పిల్ల చదువుకంటె ఎక్కువేమున్నది? కట్టు నాయనా" అంటిని. ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టెను.

ఏడాది గడచిన పిమ్మట ఆ బాలిక యొకనాడు ఫోను పట్టుకొని నాకడకు వచ్చెను. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి గణితపుస్తకమంతయు పైసా చెల్లింపకయే దింపుకొనవచ్చుననియు, ఆ పాఠములనే ప్రభుత్వమువారి వేదికలపై అధ్యాపకులు బోధించుచున్నారనియు తన స్నేహితురాలివలన తెలిసికొనినదట. నాకు చూపి, "ఇదంతా ఊరికే వస్తాది కదా మాస్టారూ, మరి నాన్నెందుకు డబ్బు కట్టీసేడు?" అనెను. నాకు సమాధానము లేకపోయెను. ఆ యప్పు తీరుటకు మూడేండ్లు పట్టినది. ఆ సంస్థవారు మోసము చేసిరని నేననను. వారి సరకు వారమ్ముకొనిరి. తెలిసికొనవలసినవాడనై యుండియు తెలిసికొనక సలహా చెప్పినవాడను నేను. నాటినుండి ఈ విషయమున నేను విద్యార్థినైతిని. నాకు గురువు ఆ బాలికయే.

వెల లేని పుస్తకమను తలంపు నిన్న పుట్టినది కాదు. 1886లోనే విశాఖపట్టణమున సరస్వతీ నిలయమను గ్రంథాలయము వెలసినది. దానిని స్థాపించినవాడు జమీందారు కాడు, వర్తకుడు కాడు. ఒక ప్రాథమిక పాఠశాల యుపాధ్యాయుడు. వృత్తిచేత నాకు జ్ఞాతియైనవాని పని గనుక ఈ మాట నేను కొంచెము గర్వముతోనే చెప్పుచున్నాను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ కూడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతయు ఈ యుద్యమమునకే ధారపోసిరి. వీనియన్నిటిలోను నా మనస్సును మిక్కిలి యాకర్షించునది 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువపై నడపిన పడవ గ్రంథాలయము. పుస్తకముల పెట్టె పడవలో నెక్కించి పెదవడ్లపూడి మొదలుకొని కొల్లిపరవరకు కాలువగట్టు గ్రామములవారికి చదువ నిచ్చుచుండిరి. చదువరి పుస్తకమును వెదకికొని పోవుటగాక పుస్తకమే చదువరిని వెదకికొని వచ్చినది.

ఈ మహనీయుల శ్రమఫలముగా గ్రంథాలయములకు శాసనములు వచ్చినవి. మద్రాసు రాష్ట్రమున 1948లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను. ఆ శాసనముననుసరించి ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను మనమందరము చెల్లించుచున్నాము. ఈ సభలో నెంతమందికి ఈ సంగతి తెలియునో చేతులెత్తుడని అడుగను. అడిగిన నేను సిగ్గుపడవలసివచ్చును, ఏలయన ఉద్యోగము విరమించువరకు నాకును తెలియదు. కావున శాఖాగ్రంథాలయమున కేగి పుస్తకమడుగుట యాచన కాదు. సొమ్ము ముందే చెల్లించి సరకు తెచ్చుకొనక మరచినవారము మనము. స్వల్పమైన ధరావతు కట్టి సభ్యత్వము పొందినచో పుస్తకము లింటికి నిత్తురు; కూర్చుండి వార్తాపత్రికలు, పోటీపరీక్షల పుస్తకములు చదువుటకు అదియు నక్కరలేదు. విశాఖకు పనిమీద పోవువారు ద్వారకానగరుననున్న పౌరగ్రంథాలయమును ఒకసారి యైనను చూచిరావలయును. సినిమాకు పోవు దారియే యది. మన గ్రామీణ శాఖలలో కొత్త పుస్తకములు తగినంతగా రాకపోవుట నిజము. అడుగువారు లేనిచోటికి కొత్తవి రాకపోవుటయు నంతే నిజము.

ఇక అంతర్జాలమునకు వత్తము. నేను సంస్కృతము చదువుకొను దినములలో రాధాకాంతదేవుని శబ్దకల్పద్రుమమును కన్నులార జూడవలెనని కోరిక యుండెడిది. మా గురువుగారు పాఠమధ్యమున, "ఇది కల్పద్రుమమున నిట్లున్నది" యని నోటిమాటగా చెప్పుచుండిరి. వారి కడను ప్రతి లేదు. ఒక ధనికుని యింట సంపుటములన్నియు గలవని విని రెండుక్రోసులు నడచి పోతిని. అద్దాల బీరువాలో బంగారపు టక్షరములతో నున్నవి. తాళపుచెవి పట్టణమున నున్నదని చెప్పి మజ్జిగ యిచ్చి పంపిరి. మజ్జిగ బాగుగనే యుండెను. నలువదియేండ్ల పిమ్మట, పైన చెప్పిన బాలిక యొకనాటి రాత్రి నా ఫోనులో జర్మనీదేశమందలి కొలోన్ విశ్వవిద్యాలయమువారి సంస్కృత నిఘంటువుల పుట తెరచి యిచ్చెను. శబ్దకల్పద్రుమము, తారానాథ తర్కవాచస్పతిగారి వాచస్పత్యము, మోనియర్ విలియమ్స్ పండితుని నిఘంటువు అన్నియు నందున్నవి. తాళము లేదు. ఆ రాత్రి రెండుగంటలవరకు నేను నిద్రపోలేదు. మా గురువుగారు జీవించియుండిన బాగుండెడిది.

తెలుగు గ్రంథముల సంగతి యింకను ఆశ్చర్యకరము. చిత్తూరుజిల్లా కాటూరున 1937లో జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు బహుమానము పొందిన దబ్బాల రాజగోపాలరెడ్డిగారు, లోకులు రాజ్ రెడ్డి యని పిలుచువారు, లోకమందలి పుస్తకములను ఛాయాచిత్రములుగా నెత్తి యందరికి ఉచితముగా నందీయవలెనని సంకల్పించిరి. బెంగుళూరు విజ్ఞానసంస్థవారి తోడ్పాటుతో భారతీయ డిజిటల్ గ్రంథాలయమను పేర నీ దేశమున నా పని జరిగినది. వేలకొలది తెలుగు పుస్తకములు, మన తాతలనాటివి, చెదలు తిని పోవలసినవి, అట్లు నిలిచినవి. ఆ గ్రంథాలయపు పుట తరువాత మూతబడినను, అందలి పుస్తకముల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థవారి యొద్ద భద్రముగా నున్నవి. 1996లో స్థాపింపబడిన యా సంస్థ లాభాపేక్ష లేనిది. పుస్తకము దింపుకొనుటకు రుసుము లేదు.

అయితే ఇచ్చట నొక చిక్కు గలదు. దీనిని చెప్పువారు తక్కువ గనుక కొంచెము విస్తరించెదను. ఆ పుస్తకముల పేర్లు పెక్కింటికి తెలుగు లిపిలో లేవు. ఎవరో ఆంగ్లాక్షరములలో తోచినట్లు వ్రాసిరి. దీర్ఘములకు లెక్కలేదు, ఒత్తులకు దిక్కులేదు. ఒకేపేరు నాలుగు తీరుల గానవచ్చును. కావున తెలుగులో వెదకి దొరకలేదని విడువరాదు. ఆంగ్లాక్షరములలో వెదకుడు, దీర్ఘము నొకసారి ఒక అక్షరముతోను, మరియొకసారి రెండింటితోను వ్రాసి చూడుడు, గ్రంథకర్త యింటిపేరు మాత్రమిచ్చి చూడుడు, పేరులో నొక్క మాటనే యిచ్చి చూడుడు. నేనొక వ్యాకరణగ్రంథమునకై పదునొకండు మారులు వెదకితిని. పండ్రెండవమారు దొరకినది. అట్ట యొక పుస్తకమునది, లోపల మరియొక పుస్తకము ఉండుటయు కలదు. పుటలు తలక్రిందులైనవియు, లోపించినవియు కలవు. ఒక ప్రతి చెడినయెడల రెండవ ప్రతికై చూడవలెను. ఇంత యోపిక యక్కరలేనిచోటు వికీసోర్స్. అక్కడ స్వచ్ఛందముగా పనిచేయువారు పాతపుస్తకములను అక్షరమక్షరముగా ఎక్కించి తప్పులు దిద్దియుంచిరి. తెలుగులో వెదకినను దొరకును. 1862లో మన జిల్లాయందలి రాయవరమున జన్మించిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును, వీరేశలింగముగారి స్వీయచరిత్రమును అచ్చట చదువవచ్చును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా దీనికి తోబుట్టువు. పదముల యర్థములకు ఆంధ్రభారతి యను నిఘంటువుల పుట గలదు. ఒక్క పదమిచ్చిన శబ్దరత్నాకరమును, బ్రౌనుదొర నిఘంటువును, మరి పెక్కింటిని ఒక్కసారిగా జూపును. పోతనగారి భాగవతము మొదలైనవి కావలసినవారికి తిరుమల తిరుపతి దేవస్థానమువారి పుటయం దుచితముగా గలవు.

వ్రేళ్లు తిరుగని వృద్ధులు భయపడనక్కరలేదు. వెదకు గడియపక్కన మైకుగుర్తు గలదు. దాని నొక్కి తెలుగున మాటలాడిన నదియే వ్రాసికొనును. నా యుచ్చారణమున మహాప్రాణములు స్పష్టముగా నుండుటచే నది నా మాట బాగుగ వినుచున్నదని నేను మురిసితిని. తరువాత చూడగా మా పాలేరు మాటయు నంతే బాగుగ వినుచున్నది.

విద్యార్థులకు గావలసినవి వేరు. మన పిల్లల పాఠ్యపుస్తకములలో నలుపుతెలుపు గళ్ల చదరమొకటి అచ్చువేసియుండును. దానిని క్యూఆర్ కోడందురు. ఫోనులో దీక్షా యను యాప్‌ను దింపుకొని ఆ చదరమునకు జూపినచో ఆ పాఠమునకు సంబంధించిన బోధనలు వచ్చును. 2017లో కేంద్రప్రభుత్వమువారు దీనిని నెలకొల్పిరి. ఆ చదరమును చాలకాలము నేను అచ్చుయంత్రపువారి ముద్ర యనుకొంటిని! ఇంజనీరింగు చదువువారికి ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పిన పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర గలవు, 2003లో నారంభమైనవి. 2017లో మొదలైన స్వయం అను వేదికపై ఎన్నియో విషయములలో చేరి చదువవచ్చును. చదువుట యుచితము, పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము కోరువారు మాత్రము రుసుము చెల్లింపవలెను. ఈ భేదమును తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలెను. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. వారు నడపు జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018లో దేశమునకు అంకితమైనది. చూపులేనివారికి, అచ్చుపుస్తకము చదువజాలనివారికి సుగమ్య పుస్తకాలయమని 2016నుండి ప్రత్యేకముగా నొకటి గలదు; అందు పుస్తకములు వినుటకు వీలైన రూపమున దొరకును. మన బంధువర్గములో నట్టివారున్నచో వారి యింటివారు ఈ యొక్క పేరైనను వ్రాసికొని పోవుడు.

వినోదమును గూర్చి మాటలాడిన ముదుసలి పంతులను జనులు వింతగా చూతురు. కాలక్షేపమనగా మన పెద్దలు రాత్రి భోజనానంతరము పురాణము చెప్పించుకొని వినుట యని యెఱుగుదురు. అందు పుణ్యమెంతయో వినోదమును నంతే. చిన్నపిల్లలకు బొమ్మల కథలు కావలెనన్న స్టోరీవీవర్ అను పుటలో తెలుగున నున్నవి. 2015లో ప్రథమ్ బుక్స్ వారు పెట్టిరి. అచ్చుతీసికొనుటకును అనుమతి కలదు. ఆంగ్లము నేర్చుకొనువారు 1971లో మొదలైన గూటెన్‌బర్గు గ్రంథమాలలో పుస్తకము తెరచి, అదే పుస్తకమును లిబ్రివాక్సు అను చోట నొకరు చదువుచుండగా వినుచు, కన్నును చెవిని జతచేసినయెడల ఉచ్చారణము కుదురును. కూలికి వేలు పోయనక్కరలేదు. ఆకాశవాణి ప్రసారములు ఫోనులోనే వినవచ్చును. పొలమున గట్టుపై కూర్చుండి వినుటకు దీనిని మించినది లేదు.

ఉచితమని పేరుపెట్టుకొనినదంతయు ఉచితము కాదు. మొదటి వారము ఊరకిచ్చి, బ్యాంకుకార్డు సంఖ్య వ్రాయించుకొని, తరువాత నెలనెలకు సొమ్ము లాగికొనునవి గలవు. నేను పేర్కొన్న చోట్ల పుస్తకము చదువుటకు కార్డు సంఖ్య అడుగరు. ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను ఎవ్వరికిని చెప్పరాదు. మరియొక మాట. మన దేశపు శాసనమునుబట్టి గ్రంథకర్త మరణించిన సంవత్సరము దాటి అరువదియేండ్లు గడచినగాని యాతని గ్రంథము లోకులసొత్తు కాదు. గురజాడవారు 1915లోను, చిలకమర్తివారు 1946లోను గతించిరి. వారి గ్రంథములు మనవి. జీవించియున్న రచయిత నిన్న నచ్చువేసిన నవలను వాట్సాపులో పంచుకొనుట యితరుల కళ్ళములోని ధాన్యమును గంపకెత్తుకొనుటయే. అట్టివి నాకును పంపుచున్నారు. పంపవలదని ఈ సభాముఖమున మనవి చేయుచున్నాను.

"ఫోనే పిల్లలను చెడగొట్టుచుండగా మాస్టరుగారు దానినే పొగడుచున్నారేమి?" అని వెనుక వరుసలో నొకరనుట నా చెవిని బడినది. వారి భయము నిజమైనదే. నేను కొట్టివేయను. కాని ఫోను ఇంట లేని యిల్లు నేడు మన యూరిలో లేదు; అది యెటులును పిల్లవాని చేతికి వచ్చును. ఒంటరిగా మూలనున్న పిల్లవానికి అది చూపునది వేరు. పదిమందిలో, పెద్దవారి పక్కన కూర్చున్న పిల్లవానికి అది చూపునది వేరు. నా ప్రతిపాదన యంతయు ఈ పక్కన కూర్చుండుటను గూర్చినదే.

మన మండలమున రైవాడ జలాశయమున్నది. శారదానది నీరు నిండుగా నిలుచును. అయినను పిల్లకాలువ పూడిపోయిన రైతు మడి యెండుచునే యుండును. జలాశయము నిండుగా నున్నదని యాతనికి చెప్పిన నేమి లాభము? పుస్తకముల విషయమున మనకు నేడు కొరవడినది నీరు కాదు, పిల్లకాలువ. ఆ రైతు నలువదివేలు పోగొట్టుకొనినది పుస్తకములు లేక కాదు. ఉన్నవని చెప్పువాడు లేక.

సంఘనిధిలోనుండి ఈ సంవత్సరము ఊరి మొదట స్వాగతద్వారము కట్టింపవలెనని తీర్మానమొకటి సభముందు రానున్నది. దానికి నేను విరోధిని గాను. దాతల పేర్లు పాలరాతిపై నుండుట న్యాయమే. అయితే అందులో మూడవవంతు సొమ్ము వేరుగా నుంచి, సంఘభవనములో ఖాళీగా నున్న వెనుకగదిని పఠనమందిరముగా చేయవలెనని నా సవరణ. అందులకు గావలసినవి రెండు కంప్యూటర్లు, ఒక అచ్చుయంత్రము, అంతర్జాలపు తీగ, ఆరు కుర్చీలు. ముఖ్యముగా నొక మనిషి. సాయంకాలము రెండు గంటలసేపు కూర్చుండి, వచ్చినవారికి ఏది యెక్కడ దొరకునో చూపువాడు. అతనికి నెలకు కొంత భృతి నీయవలెను. ఊరక చేయుమన్న నాలుగు నెలలు చేయును, అయిదవ నెలలో గదికి తాళము పడును. ఇది నాకు అనుభవమే.

మరియొక నిబంధన గలదు. దీనికి కొందరు కినుక వహింతురని యెఱుగుదును. ఆ గదిలోనికి ఏ కులమువారైనను రావలెను. సొమ్ము మనది గనుక మన పిల్లలకే యని యనువారితో ఒక్కటే మనవి. నేను చెప్పిన పుస్తకములను ఎక్కించినవారు, దిద్దినవారు, జర్మనీలో నిఘంటువు లుంచినవారు మన కులమేదని యడుగలేదు. ఆ సంపదకు మన గదిలో గడప కట్టుట నాకు చేతకాదు. ఆడపిల్లలకు రాకపోకలు భయము లేకుండ నుండుటకై దీపము, వారికి వేరుగా ముందటి వరుసయు నుండవలెను.

నా వంతుగా నా యింటనున్న మూడువందల యెనుబది పుస్తకములను ఆ గదికి ఇచ్చివేయుచున్నాను, జాబితా వ్రాసితిని. వారమునకు మూడు సాయంకాలములు నేను కూర్చుందును. ఆదివారములు ఆ రైతు కుమార్తె కూర్చుండుటకు ఒప్పుకొనినది. ఆమె ఇప్పుడు విశాఖయందు గణితమున పట్టపుచదువు చదువుచు, వారాంతములందు ఇంటికి వచ్చుచుండును. తండ్రిగారు ఈ సభలోనే, ఎడమప్రక్క స్తంభమునకు చేరగిలి కూర్చున్నారు. వారిని చూడవలదు, మొగమాటపడుదురు. సవరణ ప్రతిని కార్యదర్శిగారి బల్లపై నుంచితిని. లెక్కల నివేదిక ముగిసిన వెంటనే దానిని చర్చకు దీసికొందుమని అధ్యక్షులవారు మాట యిచ్చియున్నారు. భోజనమునకు లేచిపోక అంతవరకు కూర్చుండుడని వేడుచు సెలవు గైకొనుచున్నాను.